తొట్టిని అటక ఎక్కించలేదు: పన్నెండు నెలల ప్రాజెక్టు డైరీ

జనవరి 7

ప్రతి ఏడాదీ ఈపాటికి మా క్రిస్మస్ సామాను అటక మీదకి వెళ్ళిపోయేది. దీపాలు చుట్టేసి, చెట్టు మడిచేసి, పశువుల పాక బొమ్మల్ని ఒక్కొక్కటీ పాత కాగితాల్లో చుట్టి అట్టపెట్టెకి టేపు వేశామంటే మళ్ళీ డిసెంబర్ దాకా దాని మొహం చూసేవాళ్ళం కాదు. ఈసారి సర్దుతుంటే బొమ్మలన్నీ ఉన్నాయి, తొట్టి ఒక్కటీ లేదు. వెతగ్గా వెతగ్గా చిన్నోడి బల్ల మీద కనబడింది. వాడు అందులో పెన్సిల్ ముక్కలూ రబ్బర్లూ వేసుకుంటున్నాడు. తిడదామని చేతిలోకి తీసుకున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. అసలు తొట్టి అంటే అదే కదా, రోజూ వాడుకునే సామాను. పొద్దున్నా సాయంత్రం పశువులకి మేత వేసే సామాను. ప్రభువు పుట్టినప్పుడు ఆయన్ని పడుకోబెట్టింది అలాంటి దాంట్లో.

రాత్రి మా ఆయనతో చెప్పాను, ఈసారి తొట్టిని పెట్టెలో పెట్టను, ఇంకా పెద్దది ఒకటి నా చేతులతో చేసి భోజనాల బల్ల మీద ఏడాదంతా ఉంచుతాను అని. అలంకారానికి చేయాలని లేదు. ప్రతి నెలా 25న దాని చుట్టూ కూర్చుని క్రీస్తు పుట్టుక కథలో ఒక్క ముక్క చదవాలి, ఆ ముక్కలోంచి ఆ నెలకి ఒక్క పని తీసుకోవాలి. ఇదీ ప్రాజెక్టు. మర్చిపోకుండా రాసిపెట్టుకోవాలని ఈ డైరీ.

ఇవాళే మొదలుపెట్టడానికి ఇంకో సంతోషం కూడా ఉంది. పాత జూలియన్ క్యాలెండరు పాటించే ఆర్థడాక్స్ సంఘాలకి క్రిస్మస్ ఇవాళే. మేం దీపాలు తీసేసిన రోజున లోకంలో కోట్లమంది పండగ చేసుకుంటున్నారు. అంటే నేనేమీ ఆలస్యం కాలేదు.

జనవరి 13

చెక్క దొరికింది. విరిగిన పాత అలమర తాలూకు రెండు అరలు, టేకు, 18 మిల్లీమీటర్ల మందం. పైన పాలిష్ అంతా పోయి మచ్చలు పడి ఉంది కానీ చిత్రిక పడితే లోపల చెక్క బంగారంలా ఉంది. కొలతలు ఇలా అనుకున్నాను: పొడవు 14 అంగుళాలు, రెండు చివర్లా ఇంటూ గుర్తులా కాళ్ళు, ఒక్కో కాలికి 12 అంగుళాల ముక్కలు రెండు. అవి దాటుకునే చోట ఒక్కోదాన్ని సగం మందం అంటే 9 మిల్లీమీటర్లు చెక్కేసి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టాలి. కాళ్ళ పై సగంలో వచ్చే వంపులో బద్దలు వరసగా పరుచుకుంటూ పోతే తొట్టి అవుతుంది.

గీసేముందు అసలు తొట్టి ఎలా ఉండేదో చూద్దామని లూకా సువార్త రెండో అధ్యాయం తీశాను. ఏడో వచనంలో ఉన్నది ఇంతే: పొత్తిగుడ్డలతో చుట్టి, పశువుల తొట్టిలో పండుకొనబెట్టెను. చెక్కా రాయా అన్న మాట లేదు. ఎద్దూ లేదు, గాడిదా లేదు. ఆ రెండూ మన పాక బొమ్మల్లోకి వచ్చింది యెషయా మొదటి అధ్యాయంలోని మూడో వచనం వల్ల అంటారు, ఎద్దు తన కామందుని, గాడిద సొంతవాడి దొడ్డిని ఎరుగును అని అక్కడ ఉంది. ఇశ్రాయేలు దేశంలోని మెగిద్దో తవ్వకాల్లో రాతిని తొలిచిన తొట్లు దొరికాయి కాబట్టి బేత్లెహేము తొట్టి కూడా రాతిది అయుండొచ్చు. నాకు రాయి చెక్కడం రాదు, చెక్కతోనే చేస్తాను. ఇటలీ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో గ్రేచో అనే ఊళ్ళో నిజం గడ్డి, నిజం ఎద్దు, నిజం గాడిదని తెచ్చి తొట్టి పెట్టించాడు, ఆ పేదరికాన్ని జనం కళ్ళారా చూడాలని ఆయన ఆశ. 800 ఏళ్ళ తర్వాత నా ఆశ కూడా అంతే, కాకపోతే నాకు ఒక్క రాత్రి చాలదు.

జనవరి 20

ఒక కాలు పోయింది. చెక్క చివర నుంచి అర అంగుళం లోపల నేరుగా మేకు దిగ్గొట్టాను, టప్పుమని నిలువునా చీలింది. టేకు గట్టిది, చివరికంటా వచ్చాక ముందు సన్నటి బెజ్జం వేయకుండా మేకు కొట్టకూడదు, ఇది నాకు తెలిసీ తొందరపడ్డాను. ఇంకో ముక్క కోసి, 2 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్‌తో ముందు బెజ్జాలు వేసి, అప్పుడు మరమేకులు బిగించాను. జిగురు పూసి ఒక రాత్రంతా క్లాంపుల్లో ఉంచాను. ఎవరైనా చేయాలనుకుంటే నా మాట వినండి, సగం సగం చెక్కి కలిపే ఆ అతుకు దగ్గర ఉలిని ఎంత నిదానంగా వాడితే అంత మంచిది. కొంచెం ఎక్కువ తీసేస్తే ఇక తొట్టి జీవితాంతం ఊగుతుంది.

జనవరి 25

మొదటి 25. తొట్టి పూర్తి కాలేదు, రెండు కాళ్ళూ నాలుగు బద్దలే ఉన్నాయి. అయినా కూర్చున్నాం. మత్తయి రెండో అధ్యాయం, జ్ఞానులు. పెద్దది వెంటనే పట్టుకుంది: "అమ్మా, ముగ్గురని ఎక్కడుంది?" ఎక్కడా లేదు. కానుకలు మూడు, బంగారం, సాంబ్రాణి, బోళం. ఎంతమంది వచ్చారో మత్తయి రాయలేదు. ఇంకోటి, వాళ్ళు వచ్చింది పాకలోకి కూడా కాదు, ఆ ఇంటిలోనికి వచ్చి అని ఉంది. అంటే అప్పటికి తొట్టి రాత్రి అయిపోయింది, దూతలు వెళ్ళిపోయారు, కాపరులు వెళ్ళిపోయారు, ఆ కుటుంబం ఒక మామూలు ఇంట్లో మామూలుగా ఉంది. అలాంటప్పుడు తలుపు తట్టారు వీళ్ళు. పండగ అయిపోయాక వచ్చినవాళ్ళు!

నాకు ఇది ఇన్నేళ్ళూ తట్టలేదు. ఈ నెల పని దీన్నుంచే తీసుకున్నాం. డిసెంబర్‌లో మేం శుభాకాంక్షలు పంపడం మర్చిపోయినవాళ్ళు ఎవరెవరున్నారో రాసుకుని, రోజుకొకరికి ఫోన్ చేయడం.

ఫిబ్రవరి 2

25 కాకపోయినా ఇవాళ రాయాలి. క్రిస్మస్ నుంచి లెక్కపెడితే నలభయ్యో రోజు, బాలయేసుని దేవాలయంలో ప్రతిష్ఠించిన రోజుగా చాలా సంఘాలు ఆచరిస్తాయి. మరియ యోసేపులు గువ్వల జతనో రెండు పావురపు పిల్లల్నో అర్పించారని లూకా రాశాడు. లేవీయకాండం 12 చూస్తే అసలు నియమం ఏడాది గొర్రెపిల్ల, దానికి స్తోమత లేనివాళ్ళకి పక్షులు. లూకా మాట వరసకి చెప్పినట్టు ఒక్క వాక్యంలో ఆ ఇంటి ఆర్థిక పరిస్థితి మొత్తం చెప్పేశాడు. గొర్రెపిల్లని కొనలేని ఇంట్లోకి దేవుడు వచ్చాడు. పిల్లలకి దీన్ని నేను విడమర్చి చెప్పలేదు, చదివి ఊరుకున్నాను. చిన్నోడు పడుకునేముందు అడిగాడు, "మరి జ్ఞానులు ఇచ్చిన బంగారం ఉంది కదా?" అని. అది తర్వాత వచ్చి ఉంటుందిరా అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే అది ఐగుప్తుకి వెళ్ళడానికి ఖర్చయ్యుంటుంది" అన్నాడు, హేరోదు రాజు నుంచి తప్పించుకోవడానికి వాళ్ళు ఐగుప్తుకి, అంటే ఈజిప్టుకి, పారిపోయిన సంగతి గుర్తుంచుకుని. అయ్యుంటుంది.

ఫిబ్రవరి 16

తొట్టి అయిపోయింది. ఉప్పు కాగితం మూడు రకాలు వాడాను, ముందు గరుకుది, తర్వాత మధ్యరకం, చివర్లో నున్నటిది. వార్నిష్ వద్దనుకుని అవిసె నూనె రెండుసార్లు పట్టించాను, రోజూ చేతులు తగిలే వస్తువు కాబట్టి మెరుపు కన్నా చెక్క స్పర్శ ఉండాలనిపించింది. ఒక కాలు కాస్త పొట్టి, కింద చిన్న తోలు ముక్క అంటించాను. భోజనాల బల్ల మధ్యలో పెట్టగానే బల్లకి ఒక బరువు వచ్చినట్టయింది.

మార్చి 9

ఒక తప్పు జరిగింది, అది రాయకపోతే ఈ డైరీ అబద్ధం అవుతుంది.

తొట్టిలో ఏం వేయాలి అన్న ప్రశ్నకి నాకు తోచిన జవాబు గడ్డిపరకలు. ఎవరైనా ఒక మంచిపని చేస్తే ఒక పరక వేయాలి, డిసెంబర్ నాటికి యేసయ్యకి మెత్తటి పడక తయారవుతుంది. చాలా ఇళ్ళల్లో ఆగమన కాలంలో (క్రిస్మస్‌కి ముందు వారాల్లో) ఇలా చేస్తారు, నాలుగు వారాలకి బాగానే ఉంటుంది కూడా. మేం ఏడాదికి పెట్టుకున్నాం. రెండు వారాలు తిరిగేసరికి ఇల్లు కోర్టు అయిపోయింది. "నేను పదకొండు వేశాను, అక్క తొమ్మిదే." "వాడు మంచినీళ్ళు ఇచ్చినదానికి కూడా వేసుకున్నాడు." పెద్దది ఒక రోజు ఏడ్చింది, ఎందుకమ్మా అంటే, నేను చేసినవి ఎవరూ చూడలేదు అంది. నాకు భయం వేసింది. నా పిల్లలకి నేను నేర్పుతున్నది సువార్తకి సరిగ్గా తిరగేసి ఉంది. మనం పడక మెత్తగా చేస్తే ఆయన వస్తాడన్నట్టు! ఆయన వచ్చిన రాత్రి ఎవరు ఏం సిద్ధం చేశారు? స్థలమే లేదు. మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను అని పౌలు రోమా పత్రికలో రాసింది తొట్టి దగ్గర మొదలైన మాటే. కృప ముందు వచ్చింది, మన పని తర్వాత.

గడ్డంతా తీసేశాను. పిల్లల్ని కూర్చోబెట్టి, ఇది నేను చేసిన పొరపాటు, మీది కాదు అని చెప్పాను. ఇప్పుడు తొట్టిలో చీటీలు వేస్తున్నాం, చీటీ మీద ఒక మనిషి పేరు మాత్రమే. ఎవరి గురించి దిగులుగా ఉందో, ఎవరితో మాట్లాడాలో, ఎవరు ఒంటరిగా ఉన్నారో వాళ్ళ పేరు. లెక్క లేదు. ఎవరు వేశారో కూడా రాయకూడదు. భోజనానికి ముందు ఒక చీటీ తీసి ఆ పేరు చెప్పి ప్రార్థన చేసి మళ్ళీ లోపల వేసేయడం. అంతే. వారం రోజుల్లో ఇల్లు నెమ్మదించింది.

మార్చి 25

సరిగ్గా తొమ్మిది నెలలు. గబ్రియేలు దూత మరియ దగ్గరికి నజరేతుకి వచ్చిన రోజుని సంఘం ఈ తేదీన పెట్టుకుంది, ఇక్కణ్ణుంచి తొమ్మిది నెలలు లెక్కేస్తే డిసెంబర్ 25. లూకా ఒకటో అధ్యాయం పెద్దది చదివింది. ఇదిగో ప్రభువు దాసురాలను, నీ మాట చొప్పున నాకు జరుగును గాక అన్న చోట ఆగి, మరియ వయసెంత అని అడిగింది. బైబిల్లో లేదు, చిన్నపిల్లే అయుండాలి అన్నాను. నాకూ ఒక మాట తట్టింది. క్రిస్మస్ మొదలైంది డిసెంబర్‌లో కాదు, ఎవరికీ తెలియని ఒక మామూలు రోజున, ఒక ఇంట్లో, ఒక అమ్మాయి సరే అన్నప్పుడు. ఆ తర్వాత తొమ్మిది నెలలు ఎవరికీ ఏమీ పెద్దగా కనబడలేదు, వాంతులు, నడుంనొప్పి, జనం మాటలు తప్ప.

ఏప్రిల్, శుభ శుక్రవారం రాత్రి

గుడి నుంచి వచ్చాక ఎవరికీ మాట్లాడాలనిపించలేదు. లూకాలోనే రెండు చోట్లు చదివాం. రెండో అధ్యాయంలో తల్లి బిడ్డని గుడ్డల్లో చుట్టి తొట్టిలో పెట్టింది. ఇరవై మూడో అధ్యాయంలో అరిమతయియ యోసేపు ఆయన దేహాన్ని నారబట్టలో చుట్టి సమాధిలో పెట్టాడు. చుట్టడం, పెట్టడం. అవే పనులు. మా ఆయన తొట్టి కాళ్ళ మీద చెయ్యి వేసి, ఆ ఇంటూ గుర్తుని వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నారు. నేను ఆ కాళ్ళని అలా కోసినప్పుడు ఇది ఆలోచించనేలేదు.

మే 25

మరియ తన బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్ళి సుమారు మూడు నెలలు ఉంది. మేం పరీక్షలూ పెళ్ళిళ్ళూ అని చాలా తిరిగాం ఈ నెల, చదవడం ఒక్కటే అయింది. పని వచ్చే నెలకి వాయిదా.

జూన్ 24

ఎలీసబెతు కొడుకు బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టిన రోజుగా సంఘం పాటించే తేదీ. గబ్రియేలు మరియతో, ఎలీసబెతుకి ఇది ఆరో నెల అన్నాడు కాబట్టి క్రిస్మస్‌కి ఆరు నెలల ముందు.

మే నెల పని ఇవాళ చేశాం. తొట్టిలో ఒక పేరు మూడు చీటీల మీద ఉంది, మూడు చేతిరాతల్లో. మా సంఘంలో ఒక పెద్దావిడ, మోకాళ్ళు పోయి రెండేళ్ళుగా ఆరాధనకి రాలేకపోతోంది. వెళ్ళాం. పిల్లలు బైబిలు చదివారు, ఒక పాట పాడారు. ఆవిడ చిన్నోడి తల నిమురుతూ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "డిసెంబర్‌లో అందరూ వస్తారమ్మా, గుంపులుగా వచ్చి పాడతారు, సంతోషమే. జూన్‌లో వచ్చినవాళ్ళు మీరే."

దేవాలయంలో బాలయేసుని చూసిన అన్న అనే ప్రవక్త్రి గుర్తొచ్చింది, బాగా వయసు మళ్ళిన విధవరాలు, పగలూ రాత్రీ అక్కడే ఉపవాస ప్రార్థనల్లో ఉండేది. ఆవిడ ఎదురుచూస్తూ ఉన్నది ఏ పండగ రోజున? రోజూ. ఇకనుంచి నెలలో రెండో శనివారం మా సంఘం పెద్దావిడ దగ్గరికి వెళ్ళాలనుకున్నాం, ఇది 25తో సంబంధం లేకుండా.

జులై 30

25న కూర్చోలేదు. 26న, 27న కూడా. ఆఫీసు, జ్వరాలు, బడి. తొట్టిలో చీటీల మీద కరెంటు బిల్లు, బండి తాళాలు, ఎవరిదో హెయిర్ బ్యాండు పేరుకున్నాయి. చూసి బాధపడ్డాను.

తర్వాత ఒక్కదాన్నే కూర్చుని లూకా రెండో అధ్యాయం చివర చదివాను. పన్నెండేళ్ళప్పుడు దేవాలయంలో దొరికాడు, ఆయన వారితో కూడ బయలుదేరి నజరేతునకు వచ్చి వారికి లోబడి యుండెను. ఆ తర్వాత మళ్ళీ సువార్తల్లో ఆయన కనబడేది దాదాపు ముప్పై ఏళ్ళప్పుడు. మధ్యలో పదిహేడు పద్దెనిమిదేళ్ళు! ఏమీ రాయలేదు ఎవరూ. పొద్దున్నే లేచి, చెక్క కోసి, మేకులు కొట్టి, చేతులు కడుక్కుని, తల్లి పెట్టింది తిని. మనిషిగా పుట్టడమంటే ఇదంతా కూడా పుట్టడమే కదా. వాక్యం శరీరధారియై మన మధ్య నివసించెను అని యోహాను తన సువార్తలో రాశాడు, నివసించడం అంటే చూసి వెళ్ళిపోవడం కాదు. ఆ శరీరానికి ఎన్ని జులై నెలలు గడిచాయో. ఉలి చేతిలోంచి జారి వేలు తెగిన రోజులు ఆయనకీ ఉండి ఉంటాయి, వడ్లవాడి కొడుకుగా పెరిగాడు మరి. ఈ ఏడాది మొత్తంలో నాకు బాగా ఆదరణ ఇచ్చిన భాగం ఇదే, అదీ ఏమీ రాయని భాగం.

బిల్లు తీసి కట్టాను. తాళాలు తీయలేదు. అవి తొట్టిలో ఉంటే ఇంట్లోంచి బయటికి వెళ్ళే ప్రతిసారీ చెయ్యి అందులో పెట్టాల్సి వస్తుంది, ఉండనీ.

ఆగస్టు 25 (కొన్నాళ్ళ తర్వాత రాసింది)

దూతల పాట. సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమ, భూమి మీద సమాధానం, అంటే శాంతి.

ఈ నెలది రాయడం కష్టం. అన్నయ్యతో నాకు పద్నాలుగు నెలలుగా మాటల్లేవు. అమ్మ మంచాన పడ్డప్పుడు ఎవరు ఎంత చేశారన్న దాని మీద మొదలైంది, ఇద్దరం అనకూడనివి అనుకున్నాం. నా వైపు న్యాయం ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను, అది కూడా రాస్తున్నాను. భోజనానికి ముందు చిన్నోడు చీటీ తీశాడు, అన్నయ్య పేరు. ఎవరు వేశారో తెలియదు, తెలియకూడదన్నది నేను పెట్టిన నియమమే. పిల్లవాడు పేరు చదివి నా వంక చూడకుండా కళ్ళు మూసుకున్నాడు. నేను ప్రార్థన చేయలేకపోయాను, మా ఆయనే చేశారు. మర్నాడు కూడా అదే చీటీ వచ్చింది.

మూడోరోజు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను, తను "ఏమ్మా" అనగానే ఆ కాగితం పనికిరాలేదు. నలభై నిమిషాలు. క్షమాపణలు అడుక్కున్నామా అంటే నేను అడిగాను, తను అడగలేదు, "సరేలేమ్మా" అన్నాడు. ఆ సరేలే నాకు సరిపోవడానికి ఇంకో వారం పట్టింది. సమాధానం కావాలంటే ఎవరో ఒకరు ముందు దిగి రావాలి, బేత్లెహేములో ముందు దిగి వచ్చింది నేరం చేసిన పక్షం కాదు. ఇది నాకు సండే స్కూల్లో చెప్పడం ముప్పై ఏళ్ళుగా వచ్చు.

సెప్టెంబర్ 25 (కొన్ని వారాల తర్వాత రాసింది)

సత్రంలో స్థలం లేకపోవడం. లూకా వాడిన గ్రీకు మాట కతాలుమా, దానికి విడిది గది అన్న అర్థం కూడా ఉంది, చివరి పస్కా భోజనానికి ప్రభువు అడిగిన గదికి కూడా లూకా ఆ మాటే వాడాడు. మంచి సమరయుడు గాయపడ్డవాణ్ణి తీసుకెళ్ళిన పూటకూళ్ళ ఇంటికి వేరే మాట ఉంది. అందుకని కొందరు పండితులు, బంధువుల ఇంట్లో విడిది గది నిండిపోయి పశువులుండే భాగంలో చోటిచ్చి ఉంటారని అంటారు. నాకు ఇది నచ్చింది, ఎందుకంటే అందులో ఒక నిజమైన ఇల్లు ఉంది. ఇరుకు ఉంది, అయినా జరిగి కూర్చున్నారు.

ఇది చదివిన వారానికే పరీక్ష వచ్చింది. మా ఆయన ఆఫీసులో ఒకాయన తమ్ముడు ఉద్యోగం వెతుక్కుంటున్నాడు, ఉంటున్న గది ఖాళీ చేయాల్సి వచ్చింది, కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉండనిస్తారా అని అడిగారు. మాకు రెండే పడక గదులు. నేను మొదట వద్దనే అన్నాను, ఆడపిల్ల ఉన్న ఇల్లు, పెద్దదానికి చదువుకునే చోటుండదు, స్నానాల గది ఒక్కటే. నిజమైన కారణాలే అవి. రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున్న హాల్లో సోఫా జరిపి, మధ్యలో తెర కట్టి, మంచం వేశాం. షరతులు ముందే మాట్లాడుకున్నాం, ఎన్నాళ్ళు, ఏ టైముకి రావాలి, అన్నీ. మొహమాటపడి చెప్పకుండా ఉంటే తర్వాత విసుగు మనిషి మీదకి మళ్ళుతుంది.

పంతొమ్మిది రోజులున్నాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. సులువుగా గడిచాయని చెప్పను. పెద్దదానికి నాలుగు రోజులు టెన్షన్, నాకు పొద్దుటిపూట హాల్లోకి రావాలంటే ఇబ్బంది. కానీ అతనికి క్రైస్తవ విశ్వాసం లేదు, భోజనం దగ్గర మేం చీటీ తీస్తుంటే పక్కన నిశ్శబ్దంగా కూర్చునేవాడు, ఎనిమిదో రోజు, "అక్కా, నేనూ ఒక పేరు వేయొచ్చా?" అన్నాడు. వెళ్ళిపోయాక చూస్తే మూడు చీటీలున్నాయి అతని రాతతో. మూడూ మా ఇంట్లోవాళ్ళ పేర్లే.

అక్టోబర్ 26

తొట్టి మరమ్మతు. వానాకాలంలో రెండు బద్దలు ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి, సందు వదలకుండా బిగించినందువల్ల. ఒక్కో బద్ద అంచు కొంచెం చిత్రిక పట్టి మళ్ళీ నూనె రాశాను. పని చేస్తూ మీకా అయిదో అధ్యాయం పిల్లలచేత చదివించుకున్నాను, బేత్లెహేము ఎఫ్రాతా, స్వల్పగ్రామమైన నీవు. ఈ నెలకి అది చాలు.

నవంబర్ 25

వంశావళి చదివాం, మత్తయి మొదటి అధ్యాయం, పేర్లన్నీ, ఒక్కటీ వదలకుండా. ఎప్పుడూ దాటేసే పేజీ అది. చీటీలకి అలవాటుపడ్డాం కాబట్టి పేర్లు వినడం కొత్తగా ఉంది. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్యగా ఉండిన ఆమె, ఇంకా ఎవరూ బయటికి చెప్పుకోని కథలున్న మగవాళ్ళు. దేవుడి తొట్టిలో ఉన్న చీటీలు ఇవి అంది పెద్దది. నేను రాసి ఇచ్చిన మాట కాదు, దానంతటదే అంది.

ఆగమన కాలం దగ్గరికొచ్చింది. ఈ ఏడు కొనేవాటి జాబితా పొట్టిగా ఉంది, ఎవరూ తీర్మానం చేయలేదు. దీపాలు పెడతాం, చెట్టు పెడతాం, నాకు అవంటే ఇష్టం, వాటి మీద నాకేమీ కోపం లేదు. తొమ్మిది నెలలుగా బల్ల మీద ఉన్నదాని చుట్టూ పెడతాం కాబట్టి ఈసారి అవి ఎందుకో వాటికీ తెలుస్తుంది.

డిసెంబర్ 24, రాత్రి

ఆరాధనకి బయల్దేరేముందు తొట్టి ఖాళీ చేయాలా వద్దా అని పిల్లలు వాదించుకున్నారు. బొమ్మ పెట్టాలంటే చోటుండాలి కదా అని చిన్నోడు. చీటీలు తీసేస్తే ఎలా అని పెద్దది. చివరికి తాళాలు మాత్రం తీశాం. ఏడాది పేర్లన్నీ అలాగే ఉన్నాయి, రెండు గుప్పెళ్ళకి పైనే, నలిగి మెత్తబడి. వాటి మీదే బాలయేసుని పడుకోబెట్టాడు చిన్నోడు. మార్చిలో నేను తీసేసిన గడ్డికి బదులు ఇది. అన్నయ్య పేరు అడుగున ఎక్కడో ఉంది. రేపు వాళ్ళు వస్తున్నారు.

డిసెంబర్ 28

హేరోదు చంపించిన పసిపిల్లల్ని సంఘం తలుచుకునే రోజు. పండగైన మూడు రోజులకే ఇది రావడం నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. మత్తయి రెండో అధ్యాయం చదివి దీపాలు ఆర్పి కాసేపు ఊరికే కూర్చున్నాం. యోసేపు రాత్రికి రాత్రి లేచి తల్లినీ బిడ్డనీ తీసుకుని ఐగుప్తుకి వెళ్ళిపోయాడు. చిన్నోడు ఒక చీటీ మీద పేరు లేకుండా "పారిపోతున్న పిల్లలు" అని రాసి వేశాడు. పేరే రాయాలన్న నియమం ఉంది. ఉండనిచ్చాను.

ఈసారి అట్టపెట్టె అటక మీద నుంచి దింపలేదు, ఖాళీగా అక్కడే ఉంది. దీపాలు మాత్రం ఒకటి రెండు రోజుల్లో చుట్టి లోపల పెడతాను. కాపరి బొమ్మని తొట్టి దగ్గర్నుంచి తీసి వంటింటి కిటికీలో, గొర్రెలవైపు తిప్పి పెట్టాను. తిరిగి వెళ్లిరి అని ఉంది లూకాలో, వాళ్ళు ఆ రాత్రి వదిలేసి వచ్చిన మందల దగ్గరికే, దేవుణ్ణి స్తుతించుకుంటూ. మళ్ళీ ఆ చలి, ఆ కాపలా. నేను గిన్నెలు తోముతున్నప్పుడు ఆ కాపరి నాకు ఎదురుగా ఉంటాడు.

పొట్టి కాలు కింద తోలు ముక్క ఊడిపోయింది, మార్చాలి. రెండో శనివారం పెద్దావిడ దగ్గరికి వెళ్ళాలి. జనవరి 25కి ఎవరు చదవాలో ఇంకా అనుకోలేదు, చిన్నోడు నేనే అంటున్నాడు.